పెళ్లికూతురు అబ్బాయని మనకొక్కళ్లకే తెలుసు

గిరీశం ఆఖరి డైలాగు తెలియని తెలుగువాళ్లు తక్కువ. సప్లీ వచ్చినా, మ్యాచ్ ఓడిపోయినా అదే స్టేటస్‌లో పెట్టేస్తాం. కానీ ఆ మాట అనాల్సిన గతి గిరీశానికి ఎవరివల్ల పట్టిందో అడిగి చూడండి, చాలామంది తల గోక్కుంటారు. ‘కన్యాశుల్కం’ మొదలుపెట్టి మధ్యలో వదిలేశామని చెప్పేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. పాత్రలెక్కువ, ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థం కాదు, ఏడు అంకాలు ఎప్పటికవుతాయి అంటారు. నిజమే. అయితే ఒక్క దారం పట్టుకుంటే మొత్తం నాటకం చేతికొస్తుంది.

ఆ దారం ఏమిటంటే ఒక అబద్ధపు పెళ్లి. అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని డబ్బు తీసుకుని ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వబోతాడు. పెద్దకూతురు బుచ్చమ్మ ఇలాంటి పెళ్లి వల్లే విధవై ఇంట్లో కళ్లెదుట ఉన్నా ఆయనకి పట్టదు. తల్లి నూతిలో దూకినా మనసు మారదు. అప్పుడు మేనమామ కరటకశాస్త్రి ఒక ఎత్తు వేస్తాడు. తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, తాను గుంటూరు శాస్త్రుల్లా నటిస్తూ, ఆ ‘కూతుర్ని’ లుబ్ధావధాన్లుకి అమ్మేస్తాడు. పెళ్లి అయిపోతుంది కూడా!

ఇక్కడి నుంచి గురజాడ ఆడే ఆట చూడండి. పెళ్లికూతురు అబ్బాయని మనకి తెలుసు, మధురవాణికి తెలుసు, పెళ్లికొడుక్కి తెలీదు. ఊళ్లో ఎవరేం మాట్లాడినా మనకి రెండర్థాలు వినిపిస్తాయి. నవ్వు జోకులోంచి రావడం లేదు, మనకున్న రహస్యంలోంచి వస్తోంది. తరవాత శిష్యుడు వేషం తీసేసి మాయమైపోతాడు. మనకది హాయి. లుబ్ధావధాన్లుకి మాత్రం పెళ్లాన్ని చంపేశాడన్న అనుమానం మెడకి చుట్టుకుంటుంది. లేని పిల్లని ఎలా చూపిస్తాడు? అంతవరకూ ఆ పిసినారిని చూసి నవ్విన మనకే కాస్త ఇబ్బందిగా ఉంటుంది. కామెడీ కోర్టు కేసుగా మారే ఆ మలుపు నాకు నాటకం మొత్తంలోకీ ఇష్టమైన చోటు. ఎక్కడా అతుకు కనబడదు, ఎందుకంటే నవ్వించిన అబద్ధమే భయపెడుతోంది.

మొదటి అంకంలో మంచం సీనుని చాలామంది ఊరికే నవ్వుకుని వదిలేస్తారు. గిరీశం వచ్చేసరికి రామప్పంతులు మధురవాణి మంచం కిందకి దూరతాడు. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వచ్చేసరికి గిరీశమూ అక్కడికే దూరతాడు. చీపురుదెబ్బ పంతులికి తగులుతుంది, గిరీశం జారుకుంటాడు. తప్పు ఒకడిది, దెబ్బ ఇంకొకడికి. తరవాతి ఆరు అంకాల్లో గిరీశం బతుకంతా ఇదే పద్ధతి. అందుకే చివర్లో అతను తప్పించుకోలేకపోవడం అంత గట్టిగా తగులుతుంది.

అతని గురించి ఇంకో మాట. నాటకంలో మాటల మోత అతనిదే అయినా, అసలు చిక్కుముడిలో అతనికి పెద్ద పని లేదు. వెంకటేశానికి చదువు చెప్పే వంకతో అగ్రహారం చేరతాడు, సంఘసంస్కరణ కబుర్లు చెబుతాడు, పెళ్లి ప్రయాణం సందట్లో బుచ్చమ్మని లేవదీసుకుపోతాడు. మీసాలు మెలేసే హీరో అనుకుంటాం గానీ, కథని తిప్పేది మధురవాణి. దొంగ పెళ్లి కుదరడానికి సాయం చేసింది ఆవిడ. ముసలాయన ప్రాణం మీదకొస్తే విశాఖపట్నంలో వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి మగవేషంలో వెళ్లి ముడి విప్పేదీ ఆవిడే. మగపిల్లాడికి ఆడవేషంతో పడిన ముడి, ఆడమనిషి మగవేషంతో విడుతుంది! వేశ్యల నీడ కూడా పడకూడదనుకునే పంతులు, వేశ్య చెబితేనే నిజం తెలుసుకోవాల్సి వస్తుంది. గిరీశం బండారమూ అక్కడే బయటపడుతుంది. బుచ్చమ్మని పూనాలోని విధవాశ్రమానికి పంపించేస్తారు.

కామెడీ అంటే చివర్లో పెళ్లిబాజాలు అని మన సినిమాలు అలవాటు చేశాయి. పేరులోనే కన్యాశుల్కం ఉన్న ఈ నాటకంలో మాత్రం జరిగిన ఒకే ఒక్క పెళ్లి ఒక అబ్బాయితో. సుబ్బి పెళ్లి జరగదు, బుచ్చమ్మ పెళ్లి జరగదు. ఎవరి పెళ్లీ జరక్కపోవడమే ఇక్కడ శుభం కార్డు.

ఎందుకలా రాశాడో తెలియాలంటే 1897లో అచ్చయిన మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాట చూడాలి. విజయనగరం మహారాజా విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల శుల్కం పెళ్లిళ్ల లెక్క తీయిస్తే 1,034 తేలాయి. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు. ఏడాది నిండినవాళ్లు ముగ్గురు, ఒక్కొక్కరి ఖరీదు 350 నుంచి 400 రూపాయలు. చాలామంది డబ్బు తీసుకున్నామని ఒప్పుకోరు కాబట్టి ఈ లెక్కా పూర్తిది కాదు. ఇది చదివాక రెండో అంకంలో తల్లి నూతిలో దూకే చోట నాకు నవ్వు ఆగిపోయింది. నాటకమంతా సుబ్బి గురించే అయినా, సుబ్బి నోట మాట దాదాపు వినబడదన్న సంగతి కూడా అప్పుడే తట్టింది.

చదవాలనుకుంటే 1909 కూర్పు పట్టుకోండి. 1892లో మొదట ఆడిన నాటకాన్ని, అయిదంకాల మొదటి కూర్పుని గురజాడ దాదాపు కొత్తగా తిరగరాశాడు. ఇవాళ మనం మాట్లాడుకునే మధురవాణి ఆ రెండో కూర్పు మధురవాణే. మొదటి రెండు అంకాలు మాత్రం ఒకే కూర్చోలో పూర్తిచెయ్యండి. మంచం సీనుకీ నుయ్యి సీనుకీ మధ్య ఫోన్ పక్కన పెట్టేయొద్దు.