పేజీలు లెక్కపెట్టే ముందు పుల్లలు లెక్కపెట్టించండి



పేరెంట్స్ మీటింగ్ అనగానే ఒకటి, రెండు తరగతుల టీచర్లకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, మావాడు నెలంతా స్కూలుకొచ్చాడు కదా, మ్యాథ్స్ నోటుబుక్కులో ఆరు పేజీలే ఉన్నాయేంటి?" ఫీజు కడుతున్నవారు అడగాల్సిన ప్రశ్నే. నా జవాబు ఇది: రాయని రోజుల్లో మీ పిల్లలు ఊరికే కూర్చోలేదు. నోటుబుక్కులోకి ఎక్కని పని చేశారు. ఆ పని తగ్గించమని మాత్రం అడగవద్దని నా మనవి.

ఒక ఉదాహరణ చెప్తాను. 1 నుంచి 100 వరకు గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా 17 రాయమంటే ఒక్కోసారి 71 రాస్తారు. అది శ్రద్ధ లేకపోవడం కాదు. 'సెవెన్‌టీన్' అన్నప్పుడు ముందు వినబడేది సెవెన్. విన్న వరసలో రాస్తే 71 అవుతుంది. పదిసార్లు ఇంపొజిషన్ రాయిస్తే ఈ తికమక పోదు. అందుకే క్లాసులో చీపురు పుల్లలు ముక్కలు చేసి ఇస్తాం. పది పుల్లలు లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేస్తే ఒక కట్ట. 17 అంటే ఒక కట్ట, ఏడు విడి పుల్లలు. 71 అంటే ఏడు కట్టలు, ఒక విడి పుల్ల. రెండూ పక్కపక్కన పెట్టి చూశాక ఏది పెద్దదో మనం చెప్పక్కర్లేదు.

తీసివేతలూ అంతే. 34లోంచి 8 తీయాలి. విడి పుల్లలు నాలుగే ఉన్నాయి. కాసేపు ఆలోచించి ఒక కట్ట విప్పుతారు. ఇప్పుడు రెండు కట్టలు, 14 విడి పుల్లలు. ఎనిమిది తీస్తే 26. "పక్కనుంచి అప్పు తెచ్చుకో" అని మనం చిన్నప్పుడు బట్టీపట్టినదానికి అర్థం ఇదే.

ఇంగ్లీష్ మీడియం టీచర్ నోట వింతగా అనిపించవచ్చు గానీ, ఇంట్లో తెలుగులో కూడా లెక్కపెట్టించండి. 'పదిహేడు'లో ముందు పది, తర్వాత ఏడు వినబడతాయి. 'థర్టీన్', 'థర్టీ' ఒకేలా వినబడి తడబడే పిల్లలకు పదమూడు, ముప్పై అంటే తేడా వెంటనే తెలుస్తుంది. తెలుగులో అర్థమైన లెక్కకు ఇంగ్లీషు పేరు నేర్పడం మాకూ సులువు.

ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకోకండి. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి, పిల్లల వేలు పట్టుకుని దిద్దించింది మనమే. పాత వీధిబడుల్లో ఇసుకలో దిద్దేవారు. 1939లో మద్రాసు వచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతిలోనూ పిల్లలు గరుకు కాగితపు అక్షరాల మీద వేలితో దిద్దుతారు. 'బి', 'డి' తారుమారు చేసే పిల్లలకు మేం ఇసుక ట్రే ఇచ్చేది అందుకే. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ ప్రకారం ఒకటో తరగతిలో 99 వరకు, రెండో తరగతిలో 999 వరకు సంఖ్యలు చదవడం, రాయడం రావాలి. అదీ ఆటలతో, వస్తువులతో నేర్పమనే చెబుతుంది.

అయితే యాక్టివిటీ పేరుతో జరిగేదంతా చదువు కాదు. రాత్రి పదింటికి అమ్మానాన్నలు కూర్చుని థర్మకోల్‌తో చేసి పంపే మోడల్ వల్ల పిల్లలకు ఒరిగేదేమీ లేదు. అలాంటివి అడిగితే మమ్మల్ని నిలదీయండి. నోటుబుక్కు కూడా అవసరమే. చేత్తో చేసింది అర్థమయ్యాక రాస్తే ఆ రాత నిలుస్తుంది.

ఇంట్లో పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. గుప్పెడు చింతపిక్కలు పోసి, ఎన్ని ఉంటాయో ముందు ఊహించమనండి. తర్వాత పదేసి కుప్పలు పెట్టించి లెక్క చూడమనండి. కూరగాయలకు వెళ్లినప్పుడు పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలు చేతికిచ్చి 34 రూపాయలు కట్టమనండి. పసిపిల్లలున్న ఇంట్లో పిక్కలు నోట్లో, ముక్కులో పెట్టుకోకుండా చూడాలి. పలాస వైపు వారికి ఇంకో మాట: తొక్క తీయని పచ్చి జీడిపిక్కలు వద్దు, ఆ జీడి తగిలితే చర్మం కాలుతుంది.

చివరిగా ఒక నిజం. మీరు పేజీలే లెక్కపెడితే మేమూ పేజీలే నింపిస్తాం. బోర్డు మీద రాసి కాపీ చేయిస్తే పావుగంటలో రెండు పేజీలు నిండుతాయి. పుల్లల పాఠానికి పీరియడ్ అంతా పడుతుంది. వచ్చే మీటింగుకు ముందు రోజు మీ రెండో తరగతి పిల్లలకు పుల్లలిచ్చి "43లోంచి 7 ఎలా తీస్తావో చూపించు" అని అడగండి. చూపించలేకపోతే, మర్నాడు వచ్చి నన్ను అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది నేనే.