సొంత కారణాలు

మా బడి వార్షికోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం రాసింది నేనే. ఎనిమిది పేజీలు. వెతికినా అందులో అబద్ధం దొరకదు. అయినా అచ్చయి చేతికొచ్చాక రెండోసారి చదవలేకపోయాను.

ఏం రాశానంటే, 1723లో ఫ్రెంచివాళ్ళు యానాంలో కోఠీ పెట్టడంతో మొదలుపెట్టాను. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో ఇక్కడ మన జెండా ఎగరడం, ఆ నవంబరు 1న పాలన చేతికి రావడం, 1962 ఆగస్టు 16న కాగితాల మీద కూడా మనదైపోవడం. అందుకే మాకు పంద్రాగస్టు మర్నాడు కూడా పండగే. పక్కనున్న ఆంధ్ర పిల్లలకు బిళ్ళలు ఒక్కరోజు పంచితే మాకు రెండు రోజులు పంచేవారు. వాళ్ళ ముందు మా గొప్ప ఇంతా అంతా కాదు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు చిన్నతనం యానాంలో గడిపారని రాశాను, కవి శిఖామణిది మా ఊరేనని రాశాను. మా బడి మెట్టెక్కని మహానుభావుల్ని కూడా బడి ఖాతాలోనే జమ వేసుకున్నాను.

అయిదో పేజీలో ఒక చిన్న డబ్బా కట్టించాను, 'మీకు తెలుసా?' అని. యానాంకు కళ్యాణపురం అని ఇంకో పేరుందని అందులో సరదాగా నాలుగు ముక్కలు. పక్కన అరటిబోదెలూ మామిడాకులూ ఉన్న పందిరి బొమ్మ. చాలా ముచ్చటగా కుదిరిందన్నారు అందరూ.

ఆ ముచ్చట సంగతి ఇది. 1929లో శారదా చట్టం చేశారు. 1930 ఏప్రిల్ 1 నుంచి బ్రిటిషు ఇండియాలో పద్నాలుగేళ్ళు నిండని పిల్లకు పెళ్ళి చేస్తే నేరం. ఆ చట్టం ఇంజరం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంజరం బ్రిటిషువాళ్ళది, దాని పక్కన యానాం ఫ్రెంచివాళ్ళది. పొలిమేర దాటితే చాలు, అడిగేవాడు లేడు. అవతలి ఇలాకావాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి ఇక్కడ మూడు ముళ్ళూ వేయించుకుని పోయేవారు. నేరం దొరల మీదికి నెట్టేద్దామంటే కుదరదు. విడిది ఇచ్చిందీ, మేళం కట్టిందీ, పప్పులో ఉప్పు సరిచూసిందీ మా తాతలే. పలకాబలపం పట్టాల్సిన పిల్లలకు మా ఊరు పసుపుతాడు కట్టి పంపింది. ఆ పేరుని మేం బిరుదులా చెప్పుకుంటున్నాం. బొమ్మ వేసి మరీ.

సరే, అది తాతల కాలం. మా కాలం మాటేంటి?

1978లో ఆడపిల్ల పెళ్ళి వయసు పద్దెనిమిదికి పెంచారు. ఆ ఏడు నేను తొమ్మిదో తరగతి. సోషల్ మాస్టారు శారదా చట్టం మీద నోట్సు చెప్పారు, రెండు మార్కుల ప్రశ్న, తప్పకుండా వస్తుందని అండర్‌లైన్ చేయించారు. మాఘమాసం వచ్చింది. మా క్లాసులో లెక్కల్లో ఎప్పుడూ ఫస్టు వచ్చే అమ్మాయికి పెళ్ళి కుదిరింది. పద్నాలుగు నిండి ఎన్నో నెలలు కాలేదు. క్లాసంతా తలా రూపాయి వేసుకుని గోడ గడియారం కొన్నాం. దాని అద్దం మీద ఎర్ర రంగుతో 'మిత్రబృందం' అని రాయించే బాధ్యత నాది. పెళ్ళికి పిల్లలమే కాదు, మాస్టార్లూ వచ్చారు. సోషల్ మాస్టారు మా బంతిలోనే కూర్చుని పూర్ణంబూరెకు చిల్లు పెట్టి అందులో నెయ్యి పోయించుకున్నారు. ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేను మూడు బూరెలు తిన్నాను. పైగా ఆ అమ్మాయి మానేశాక వార్షిక పరీక్షల్లో లెక్కల్లో ఫస్టు నాకొచ్చింది. సంతోషపడ్డాను కూడా.

సంచిక పనిమీద ఈమధ్య పాత రిజిస్టర్లు తిప్పాను. చెదలు అంచులు కొరికాయిగానీ రాత చెక్కుచెదరలేదు. ఆ అమ్మాయి పేరు మీద ఎర్రసిరా గీత, చివర 'బడి మానిన కారణం' అన్న గడిలో 'సొంత కారణాలు' అని ఉంది. వేలు పెట్టుకుంటూ కిందికి దిగాను. మా క్లాసులోనే ఇంకో ఆరుగురు ఆడపిల్లలకు అదే గీత, అదే మాట. ఊరంతా కలిసి భోంచేసిన పెళ్ళి సొంత కారణం ఎలా అవుతుంది? గుమస్తా కుర్రాడు "ఏవైనా కావాలాండి?" అనడిగాడు. ఏం లేదన్నాను. రిజిస్టరు మూసేశాను. ఎనిమిది పేజీల్లో ఆ ఏడుగురికీ ఒక్క వాక్యం ఇవ్వలేదు.

ఇంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. పూర్వ విద్యార్థుల సంఘం పెట్టినప్పుడు సభ్యత్వం ఎవరికివ్వాలి అన్న చర్చ వచ్చింది. 'పదో తరగతి పూర్తిచేసినవారికి' అని కాగితం మీద పెట్టింది నేను. అందరూ సరే అన్నారు. ఒక్కరూ, ఆడవాళ్ళు సహా, మరి మానేసినవాళ్ళో అని అడగలేదు. వార్షికోత్సవ సభలో స్టేజీ మీద మా బ్యాచి ఫోటో ఫ్లెక్సీ వేశాం. 1980 నాటిది. తొమ్మిదిలో పదకొండు మంది ఆడపిల్లలుండేవారు, ఆ ఫోటోలో నలుగురున్నారు. మైకు పట్టుకుని 'మన బ్యాచి మొత్తం ఇక్కడే ఉంది' అన్నాను. చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక వచ్చిన మంగళవారం సంతలో ఆవిడ ఎదురుపడింది. జుట్టు మొత్తం నెరిసిపోయింది. పక్కన ఏడెనిమిదేళ్ళ మనవరాలు, చేతిలో సంచి.

"సభ బాగా జరిగిందంటగదండి?"

"ఆఁ, బాగానే జరిగిందమ్మా."

"నాకు కబురు పెట్టలేదేంటండి?"

ఎడ్రసు దొరకలేదన్నాను. వాళ్ళిల్లు మా వీధి చివరే. సంచికలు పంచుతూ వాళ్ళ అరుగు ముందునుంచే నడిచి వెళ్ళాను.

"అలాగాండి," అంది. నాలుగు రకాల కూరలు సంచిలో వేసుకుంటూ, కొట్టువాడు సెల్‌ఫోన్ తీసి లెక్క మొదలెట్టేలోపే, "నూట ముప్పై ఏడు. పదమూడు ఇవ్వాలి నువ్వు," అని నూటయాభై చేతిలో పెట్టింది. వాడు నొక్కి చూసి, సరిపోయిందన్నాడు.