రామప్పగుడి క్రింది ఉల్లికోడు

పాలంపేట రామప్పగుడికి 2021 జూలై 25వ తేదీన ప్రపంచ వారసత్వ గౌరవము లభించినపుడు తెలుగువారందరును ఉప్పొంగిరి. ఉప్పొంగవలసినదే. 1213లో రేచర్ల రుద్రుడు నిలిపిన గుడి యది. ప్రక్కనున్న కామేశ్వరాలయమును విప్పినపుడు రాళ్ళకు సంఖ్యలు వేసి భద్రపరచిరి. అదియును మంచిదే. కాని ఆ గుడికి కూతవేటు దూరమున, రామప్పచెరువు నీటితో పండెడి వరిని తినుచున్న పురుగు కులగోత్రములను చెప్పగలవారు మనలో నెందరు? రాతికి సంఖ్య వేయువానిని పండితుడందుము. పురుగునకు పేరు పెట్టువానిని పనిలేనివాడందుము!

ఉల్లికోడు చూపునకు దోమవంటిది. రాత్రివేళ తిరుగును, కొలదిదినములే బ్రతుకును. ఆకుమీద గ్రుడ్డు పెట్టును. అందుండి వెడలిన పురుగు ఆకుతొడుగు సందున జారి పిలక మొవ్వును చేరి తినుటకు మొదలిడును. పిలక ఉల్లికాడవలె తెల్లని గొట్టమగును. దానికిక వెన్ను లేదు. గొట్టము కంటబడుసరికే జరుగవలసిన చెరుపు జరిగిపోయినది. అపుడు మందు చల్లుట ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుటయే. ఐనను దుకాణదారు అమ్మును, రైతు అప్పుచేసి కొనును. ఆ మందు ఉల్లికోడునకు శత్రువైన ప్లాటీగాస్టర్ అను అతిసూక్ష్మమైన కందిరీగజాతిని చంపును. అది ఉల్లికోడు గ్రుడ్డులో తన గ్రుడ్డు నుంచును. పిమ్మట ఒక్క పురుగు కళేబరమునుండి అనేకములు వెడలును. కూలి యడుగని కావలివానిని డబ్బిచ్చి చంపించుకొను రైతును నిందింపబోము. అతనికి చెప్పినవాడెవడు?

ఇంకొక సంగతి. వరంగల్లు ఉల్లికోడునకును జగిత్యాల ఉల్లికోడునకును కంటికి భేదము లేదు. కాని జగిత్యాలది 3వ జీవరూపమనియు, వరంగల్లుది 4ఎమ్ అనియు శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఒకదానిని నిలువరించిన వంగడము వేరొకదానికి లొంగిపోవచ్చును. ఉల్లికోడును తట్టుకొనునని పేరువడసిన ఫల్గుణ వంగడము 1980ల దశకమున శ్రీకాకుళపు పొలములలో 4వ జీవరూపమునకు ఓడిపోయినది. ఇది యెట్లు తెలిసినది? ఎంచిన వంగడములను ఏటేట వరుసగా నాటి, ఎందులో గొట్టములు వచ్చెనో, ఎందులో రాలేదో పిలక పిలకకు లెక్కించినవారి వలన. బురదలో వంగి లెక్కించు ఈ పనికి సన్మానసభలు లేవు.

ఈ పురుగునకు 1889లో శాస్త్రనామ మిచ్చినవాడు కలకత్తా మ్యూజియమునందలి వుడ్‌మేసన్ దొర. 1930ల దశకములో దీనిని పాకీడిప్లోసిస్ అను ప్రజాతిలో చేర్చినవాడు మన ఎం. ఎస్. మణి. వరిని గూర్చిన గ్రంథములలో ఆ పేరు చిరకాలము నిలిచినది. నేడు ఆర్సియోలియా ఒరైజే అనుచున్నారు. మణి (1908–2003) ఒక్క ఈగతో ఆగలేదు. ఆగ్రా సెయింట్ జాన్స్ కళాశాలలో కీటకశాస్త్ర విభాగమును నెలకొల్పెను. శిష్యులతో హిమాలయములెక్కి, మంచుగట్లపై పురుగులెట్లు బ్రతుకునో పరిశీలించెను. ఉన్నతప్రదేశ కీటకములపై 1962లోను, మొక్కలపై నేర్పడు బుడిపెలపై 1964లోను ఆతడు వెలువరించిన గ్రంథములు దేశదేశముల పండితులు చదివినవి. పేరు పెట్టుటయు, ఆ పేరుగల జీవి యెట్లు బ్రతుకుచున్నదో కనుగొనుటయు ఒకే పనియని ఆ జీవితమే చాటినది. ఆతని పేరు మన బడిపుస్తకములలో ఎచ్చట నున్నది?

పరప్రభుత్వము నాడు మన పురుగులను వర్ణించిన గ్రంథములు లండనులో అచ్చయినవి. ఆ వర్ణనలకు మూలమైన నమూనాలు అనేకము నేటికిని లండను మ్యూజియములోనే యున్నవి. దొరలను తిట్టుట సులభము. 1947 తరువాత మనమేమి చేసితిమి? వర్గీకరణమునకే జీవితమర్పింపదలచిన యువకుని, ఏటికెన్ని వ్యాసములు వ్రాసితివని అడుగుచున్నాము. ఒక్క ప్రజాతిని తేల్చుటకు పదేండ్లు పట్టునని ఆ యడుగువారు ఎఱుగరా?

పేర్లవలన కడుపు నిండునా యని కొందరందురు. మిరపరైతు నడుగుడు. నల్ల తామరపురుగు మన దేశమున నున్నదని వర్గీకరణ శాస్త్రజ్ఞులు బొప్పాయిపై గుర్తించి 2015లోనే ప్రకటించిరి. ఆ మాట ప్రయోగశాల గడప దాటలేదు. 2021లో అది గుంటూరు, ఖమ్మము, వరంగల్లు మిరపతోటలపై విరుచుకుపడి పూవును మాడ్చినపుడు రైతులు చేతికందిన మందెల్ల చల్లిరి. ఆరేండ్ల వ్యవధి వ్యర్థమైపోయినది.

కావున మేము కోరునది స్వల్పము. వరంగల్లులో ఈ ప్రాంతపు కీటకములకు స్థిరమైన నమూనాశాల యుండవలెను. దానిని కనిపెట్టియుండుటకు శాశ్వతోద్యోగియైన వర్గీకరణ శాస్త్రజ్ఞుడుండవలెను. చిత్రములతోడి తెలుగుపుస్తకము గ్రామగ్రంథాలయములకు చేరవలెను. ఏ మండలమున ఏ జీవరూప మున్నదో, దానికి ఏ వంగడము నిలుచునో విత్తనము కొనకమునుపే దండోరా వేయింపవలెను. వానాకాలపు నాట్లు ఆలస్యమైనకొలది ఉల్లికోడు బెడద హెచ్చును. పాలంపేట రైతునకు జవాబు నారు పోయుటకు ముందే కావలెను. గొట్టములు కనబడిన తరువాత కాదు.