నాన్న వేలిముద్ర, మామ్మ ఇష్టం

మిత్రులారా, పోయిన వారం శ్మశానం దారుల గురించి రాశాను. ఈ వారం అంతకు ముందు రోజుల గురించి. మనిషి మంచాన పడ్డాక, ఇక లేవదని ఇంట్లో అందరికీ తెలిశాక, ఏం చేయాలో చెప్పాల్సింది ఎవరు?

ఈ ప్రశ్న నా క్లాసులో పుట్టింది. డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకు జాషువా శ్మశానవాటి పద్యాలు చెబుతున్నాను. శ్మశానంలో అంటరానితనానికి చోటు లేదన్న భావం దగ్గరకొచ్చేసరికి ఒక అబ్బాయి లేచాడు. "మేడమ్, మరి వాణియంబాడిలో శవాన్ని వంతెన మీంచి తాళ్లతో ఎందుకు దించారు?" అన్నాడు. 2019 ఆగస్టులో తమిళనాడులోని వేలూరు జిల్లాలో జరిగింది అది. పొలాల మీదుగా దారి ఇవ్వకపోతే దళితులు తమ మనిషి శవాన్ని అలా దించుకున్నారు. వెంటనే వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, "చచ్చాకే గౌరవం లేదు. మరి కోర్టు చెప్పిన గౌరవంగా చనిపోయే హక్కు ఎవరికి మేడమ్?" అంది.

క్లాసు రెండుగా చీలిపోయింది. ఇది పేదోళ్లను వదిలించుకునే చట్టమని సగం మంది. నొప్పితో ఏడ్చేది వాళ్లయితే వద్దనడానికి మీరెవరని మిగతా సగం. గంట కొట్టారు. నేను ఏమీ చెప్పకుండానే బయటికొచ్చాను. చెప్పలేకపోవడానికి నా కారణం నాకుంది.

మాది శ్రీకాకుళం జిల్లా. మా మామ్మ అడ్డపొగ తాగేది. తెలియని వాళ్ల కోసం చెబుతాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడం. మా వైపు కూలి పనికి వెళ్లే ఆడవాళ్లలో చాలామందికి ఉండేది ఈ అలవాటు. చేతులు రెండూ నాట్లలోనో కలుపులోనో ఉంటాయి, గాలికి నిప్పు ఆరదు, నుసి రాలదు. మామ్మకు అంగిలి మీద పుండు లేచింది. అది క్యాన్సర్ అని తేలింది. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషనూ కరెంటూ అయ్యాయి. ఏడాది తిరక్కుండా మళ్లీ వచ్చింది. 2014లో విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. అప్పటికి నేను పీహెచ్‌డీ స్కాలర్‌ని.

అక్కడ మామ్మకు ముక్కులోంచి గొట్టం వేశారు. ఆమె దాన్ని పీకేసుకుంది. మళ్లీ వేశారు, మళ్లీ పీకేసింది. మూడోసారి వేసి, రెండు చేతులూ గుడ్డ పట్టీలతో మంచానికి కట్టేశారు. మాట్లాడలేని మనిషి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. "తెలివి సరిగ్గా లేదమ్మా, అలాగే చేస్తారు" అన్నారు. నేనూ నమ్మాను. నమ్మడం తేలిక.

పన్నెండో రోజుకి మా ముప్పై సెంట్లూ తాకట్టులోకి వెళ్లిపోయాయి. ఇంక కట్టలేమని నాన్న చెప్పాడు. ఆ సాయంత్రమే ఒక కాయితం తెచ్చారు. ఇంగ్లీషులో ఉంది. నేను చదివాను. డాక్టర్లు వద్దంటున్నా మా సొంత ఇష్టం మీద రోగిని తీసుకెళ్తున్నామని, ఏం జరిగినా మాదే బాధ్యతని దాని సారాంశం. నాన్నకు చదివి చెప్పాను. "ఇష్టమేట్రా?" అని తనలో తను అనుకుంటూ నాన్న వేలిముద్ర వేశాడు.

ఆలోచించండి. గొట్టం వద్దని మామ్మ చేతులతో చెప్పినప్పుడు ఆమె ఇష్టం చెల్లలేదు. కట్టేశారు. డబ్బు అయిపోయాక మాత్రం, లేని ఇష్టాన్ని మా చేత రాయించుకున్నారు. మన ఇష్టానికి విలువ బిల్లును బట్టి వస్తుంది, బిల్లును బట్టి పోతుంది.

ఇంటికి తెచ్చాక మామ్మ పంతొమ్మిది రోజులు బతికింది. ఆసుపత్రి నుంచి ఒక్క నొప్పి మాత్ర రాసివ్వలేదు. మా పేటకు వచ్చే ఆర్.ఎం.పి. ఇచ్చే ఇంజెక్షనే దిక్కు. గొట్టం తీశాక గొంతు కొంచెం పెగిలింది. ఒక రాత్రి నా చెయ్యి పట్టుకుని, "అమ్మీ, నానోర్సుకోలేనే. నన్ను పంపీయండే" అంది. ఎక్కడికి పంపమంటుందో నాకు తెలుసు. నేను ఏడ్చాను తప్ప జవాబు చెప్పలేదు.

ఇప్పుడు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. ఎందుకంటే మన చర్చల్లో మూడు వేరు వేరు సంగతులు కలిసిపోతున్నాయి. బతుకు మీద నిరాశతో ఆత్మహత్య చేసుకోవడం ఒకటి. ఈ వ్యాసం దాని గురించి కాదు. రోహిత్‌ని పోగొట్టుకున్న తరం మనది, ఆ గీత చెరిపేయను. మీలో ఎవరికైనా అలాంటి ఆలోచన వస్తుంటే నాకు ఫోన్ చేయండి, లేదా టెలీమానస్ 14416కి చేయండి. రెండోది, కోలుకునే ఆశ లేనప్పుడు ప్రాణాధార చికిత్స వద్దనడం, ఆపేయడం. మూడోది, డాక్టరు సాయంతో మందు తీసుకుని చనిపోవడం. మన దేశంలో రెండోదానికే అనుమతి ఉంది, మూడోది నేరం.

ఆ రెండోదైనా తేలిగ్గా రాలేదు. మన తెలుగు నేల మీదే 2004లో వెంకటేశ్ అనే పాతికేళ్ల చెస్ ఆటగాడు, కండరాల క్షీణతతో ఆసుపత్రిలో ఉండి, అవయవాలు పాడవకముందే దానం చేసి పోతానని అడిగాడు. తల్లి అతని కోసం హైకోర్టుకెక్కింది. చట్టం ఒప్పుకోదని కోర్టు కొట్టేసింది. కొద్ది రోజులకే అతను చనిపోయాడు. 2011లో అరుణా శాన్‌బాగ్ కేసు. ముంబై ఆసుపత్రిలో అత్యాచారానికి గురై, 1973 నుంచి మంచం మీదే ఉన్న నర్సు ఆమె. ఆమెకు చికిత్స ఆపడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కానీ అలాంటి మరో కేసులో హైకోర్టు అనుమతితో ఆపవచ్చని అదే తీర్పులో చెప్పింది. 2018 మార్చి 9న అయిదుగురు జడ్జీల ధర్మాసనం, గౌరవంగా చనిపోవడం కూడా ఆర్టికల్ 21లో భాగమేనని చెప్పి లివింగ్ విల్‌ని గుర్తించింది. తెలివిగా ఉన్నప్పుడే, రేపు నాకు ఇలాంటి స్థితి వస్తే ఫలానా చికిత్స వద్దని రాసిపెట్టుకునే కాయితం అది. మొదట దాని మీద మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. 2023 జనవరిలో ఆ షరతు సడలించి, ఇద్దరు సాక్షులుంటే నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ ధ్రువీకరిస్తే చాలన్నారు. చికిత్స ఆపడానికి రెండు వైద్య బోర్డులు ఒప్పుకోవాలి. 2025 జనవరిలో పక్కనున్న కర్ణాటక దీన్ని అమలు చేయడానికి ఉత్తర్వు ఇచ్చింది.

కోర్టులో ఆగిపోయిన చోట మనం మొదలుపెట్టాలి. రెండు బోర్డులు, నలభై ఎనిమిది గంటల గడువు, రికార్డు. ఇదంతా వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి. వెంటిలేటర్ దాకా వెళ్లలేని మనిషికి ఏ బోర్డూ కూర్చోదు. ఒక కాయితం, ఒక వేలిముద్ర, ఒక ఆటో. పేదవాళ్ల చికిత్స ఈ దేశంలో రోజూ ఆగుతూనే ఉంది. కాకపోతే దానికి కారుణ్య మరణం అని పేరు లేదు, డిశ్చార్జి అని పేరు.

అందుకే మొదటి సగం పిల్లల భయం నాకు అర్థమవుతుంది. అది ఉత్త భయం కూడా కాదు. కెనడాలో 2016లో వైద్య సాయంతో మరణాన్ని చట్టం చేశారు. 2021లో, చావు దగ్గర్లో లేని వాళ్లకు కూడా దాన్ని విస్తరించారు. వికలాంగుల సంఘాలు దాని మీద కోర్టుకు వెళ్లాయి. బతకడానికి కావలసిన ఇల్లూ సాయమూ ఇవ్వకుండా చనిపోవడానికి దారి తెరుస్తారా అన్నది వాళ్ల ప్రశ్న. బ్రిటన్‌లో 2025 జూన్ 20న ఇలాంటి బిల్లు కామన్స్ సభలో 314-291 ఓట్లతో నెగ్గినప్పుడూ వికలాంగ ఉద్యమకారులు గట్టిగా వ్యతిరేకించారు. ఇంటికి భారమయ్యానన్న మాట పేద ముసలివాళ్ల నోట ఎంత తేలిగ్గా వస్తుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడో హక్కును ఈ దేశంలో ఇవాళ తెమ్మంటే నేను ఒప్పుకోను. వైద్యం ఇవ్వని రాజ్యం చేతికి సిరంజి ఇవ్వను.

అయితే మన శిబిరం ఇక్కడితో ఆగిపోతుంది. నాకు గొడవ అక్కడే. కార్పొరేట్ ఆసుపత్రుల కుట్ర అనేసి, బ్రాహ్మణీయ రాజ్యం అనేసి, లైకులు తీసుకుని వెళ్లిపోతున్నాం. మరి మామ్మకు ఏం చెబుతాం? సమసమాజం వచ్చేదాకా ఓర్చుకోమనా? చేతులు కట్టించుకోమనా? "నా శరీరం, నా నిర్ణయం" అనే మాట చదువుకున్న వాళ్లకే చెందినట్టు, మన ముసలమ్మలకు అలాంటి నిర్ణయమే ఉండనట్టు మాట్లాడటం కూడా ఒక రకం చిన్నచూపే. తరతరాలుగా మన ఒంటి మీద నిర్ణయాలు ఇతరులవి. చివరి పది రోజులైనా మనవి కావాలా వద్దా?

ఆ పంతొమ్మిది రోజుల్లో రెండు సంగతులు చూశాను. ఒక రాత్రి ఇంజెక్షను బాగా పనిచేసింది. ఆ నాలుగు గంటలూ మామ్మ పంపీయమనలేదు. గంజి తేట అడిగింది, నా స్కాలర్‌షిప్ పడిందా అని అడిగింది. అంటే ఆమె అడిగిన చావులో సగం నొప్పి. ఆ నొప్పికి మందుంది. మార్ఫిన్. చవకైన మాత్ర. 1985 నాటి మత్తుమందుల చట్టం దాన్ని ఆసుపత్రులకు దూరం చేసింది, 2014లో సవరించారు. కేరళలో 1993లో కోళికోడ్‌లో మొదలైన పాలియేటివ్ కేర్ ఊరూరికీ పాకి, 2008లో ప్రభుత్వ విధానమైంది. తెలంగాణలోనూ జిల్లాల్లో ఇలాంటి కేంద్రాలు వచ్చాయి. మా పేటకు రాలేదు.

రెండో సంగతి. నొప్పి తగ్గిన ఆ రాత్రి కూడా, మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్దామా అని నాన్న అడిగితే మామ్మ స్పష్టంగా చెప్పింది. "ఆ గొట్టం మరెట్టొద్దు." అది నొప్పి మాట కాదు, తెలివి తప్పిన మాట అంతకంటే కాదు. అది నిర్ణయం. మందిస్తే చాలు, హక్కు అక్కర్లేదనే వాళ్లకు నా జవాబు ఇది. మందూ కావాలి, వద్దనే హక్కూ కావాలి.

కాబట్టి మనం అడగాల్సినవి నాలుగు. ప్రతి ఏరియా ఆసుపత్రిలో మార్ఫిన్, పాలియేటివ్ కేర్ ఉండాలి. అవి ఆరోగ్యశ్రీలాగే ఉచితంగా అందాలి. డబ్బు లేక డిశ్చార్జి అయ్యే రోగి కాయితం మీద "సొంత ఇష్టం" అని కాకుండా అసలు కారణం రాయాలి, నొప్పి మందు ఇచ్చి పంపాలి. లివింగ్ విల్ నమూనా తెలుగులో ఉండాలి, చదువు రాని వాళ్లకు చదివి వినిపించి వేలిముద్ర తీసుకునే పద్ధతి పెట్టాలి. ఇక నాలుగోది, ఈ చర్చలో డాక్టర్లూ లాయర్లతో పాటు వార్డుల్లో చావుబతుకుల్లో ఉన్న వాళ్ల మలమూత్రాలు ఎత్తే మన ఆయాలనూ వార్డుబాయ్‌లనూ కూర్చోబెట్టాలి. ఎవరు ఎలా చనిపోతున్నారో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

వెనక బెంచీ అమ్మాయికి నా జవాబు ఇదమ్మా. ఆ హక్కు ఇవాళ మనది కాదు. అందుకని వదిలేయకూడదు, గుంజుకోవాలి.

మరో మాట. నేను ప్రభుత్వ కాలేజీ లెక్చరర్‌ని, గెజిటెడ్ ఆఫీసర్‌ని. మార్కుల లిస్టుల మీద ఆకుపచ్చ ఇంకు సంతకాల కోసం పిల్లలు వస్తుంటారు. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాన్న పక్కన కూర్చుని ఈ సంగతులన్నీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకూ ఆ కాయితం రాసీ. ఈసారి తెలుగులో రాయి" అన్నాడు. సొంత కూతురి ధ్రువీకరణ బాగోదని పక్క కాలేజీలో మిత్రుడిని అడిగాను. మన పేటల్లో ఇంకెవరికైనా కావాలంటే రండి. చదివి వినిపిస్తాను, వద్దనుకుంటే వద్దనే చెప్పండి. ఒప్పుకుంటేనే సంతకం పెడతాను.

జై భీమ్.