ఆ బిడ్డను ఇక చూడలేనని చెప్పడమెలా?

ప్రశ్న: ఇంట్లోనే పగటిపూట ఐదుగురు పిల్లల్ని చూసుకుంటున్నాను. వారిలో ఒక పాప వయసు ఏడు నెలలు. రెండేళ్ళ బాబును వాళ్ళమ్మ జ్వరమున్నా పొద్దున్నే మందు పోసి దింపి వెళుతోంది. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతుంది. ఫోను చేసినా సాయంత్రం దాకా ఎవరూ రారు. రెండుసార్లు చెప్పి చూశాను. నెలలో మూడుసార్లు జరిగింది, మిగతా పిల్లలకూ నాకూ అంటుకుంది. ఆ బాబును మానిపించాలని ఉంది. కాని వాడు నా చేత్తో తప్ప అన్నం తినడు. వాడి మనసుకు దెబ్బ తగులుతుందేమో!
- ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ భయం సహజమే. ముందు జబ్బు సంగతి చూద్దాం.

పారసెటమాల్ జ్వరాన్ని దించుతుందే కాని జబ్బును పోగొట్టదు. దాని పని నాలుగు నుంచి ఆరు గంటలు. అందుకే ఏడింటికి పోసిన మందు మధ్యాహ్నానికి తేలిపోతోంది. ఈలోగా బాబు మిగతా పిల్లలతో ఆడుతూనే ఉంటాడు. తట్టు టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాకే వేస్తారు. కాబట్టి మీ దగ్గరున్న ఏడు నెలల పాపకు ఆ రక్షణ ఇంకా లేదు. తట్టు వచ్చిన బిడ్డ గదిలోంచి వెళ్ళిపోయినా, ఆ క్రిములు రెండు గంటల వరకు గాలిలో ఉండగలవు. కనుక మీరు కఠినంగా ఉండటం తప్పు కాదు, అవసరం.

పిల్లలందరి తల్లిదండ్రులకూ ఈ నియమాలు కాగితం మీద రాసివ్వండి:

1. మందు వేయకుండానే జ్వరం తగ్గి 24 గంటలు గడిచాకే బిడ్డను పంపాలి.
2. వాంతులు, విరేచనాలు ఆగాక 48 గంటలు ఇంట్లోనే ఉంచాలి.
3. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ పక్కు కట్టేదాకా, తట్టు అయితే దద్దుర్లు కనిపించాక కనీసం నాలుగు రోజుల దాకా పంపరాదు.
4. ఫోను చేస్తే వెంటనే వచ్చి తీసుకువెళ్ళే మనిషి ఒకరుండాలి.

మీరు రెండుసార్లు చెప్పినా వినలేదు కాబట్టి మానిపించడమే మేలు. అయితే ఆ మాట గుమ్మంలో, బిడ్డ ఎదుట, కోపంలో చెప్పకండి. ఒక సాయంత్రం తల్లిదండ్రులిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పండి. "మీ బాబంటే నాకు ప్రేమే. కాని జ్వరంతో పంపితే మిగతా పిల్లలకు ప్రమాదం. ఫలానా తేదీ తరువాత నేను చూడలేను" అంటే చాలు. ఉద్యోగస్తులు కనుక వేరే ఏర్పాటుకు రెండు మూడు వారాల గడువివ్వండి. ముందుగా తీసుకున్న డబ్బుంటే లెక్క చూసి ఇచ్చెయ్యండి. ఆ గడువులో కూడా జ్వరంతో తెస్తే లోపలికి రానివ్వకండి. మొహమాటపడితే నష్టపోయేది పసిపాప.

ఇక బాబు సంగతి. రెండేళ్ళ పిల్లవాడు అలవాటైన మనిషి దూరమైతే ఏడుస్తాడు. కొన్నాళ్ళు అన్నం మారాం చెయ్యడం, రాత్రుళ్ళు లేవడం మామూలే. కొత్తగా చూసుకోబోయే ఆవిడ వీలైతే మూడు నాలుగు రోజులు మీ ఇంటికి వచ్చి, మీ ఎదుటే బాబుకు అన్నం పెట్టడం మంచిది. వాడి నిద్రవేళ, ఇష్టమైన తిండి, పడని పదార్థాలు రాసివ్వండి. వాడు కప్పుకునే దుప్పటి, ఆడుకునే బొమ్మ వెంట పంపండి. ఆఖరి రోజున నిద్రలో ఉండగా పంపించవద్దు. "రేపటినుంచి ఆ అత్త దగ్గర ఆడుకుంటావు" అని నవ్వుతూ చెప్పి పంపండి. కొన్ని వారాలైనా సరిగా తినక బరువు తగ్గితే పిల్లల వైద్యుడికి చూపించమని తల్లికి చెప్పండి.

చివరగా ఒక హెచ్చరిక. జ్వరంతో ఉన్న ఏ బిడ్డయినా మగతగా పడి ఉన్నా, ఎగశ్వాస వచ్చినా, ఫిట్స్ వచ్చినా, పాలూ నీళ్ళూ మానేసినా తల్లిదండ్రుల కోసం ఎదురుచూడకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళి, వారికి అక్కడినుంచే కబురు చెయ్యండి.