ముల్లు చెప్పేది ఎంత నిజం?

పద్మారావు నగర్‌లో ఓ ఇల్లు అనుకుందాం. అన్నదమ్ములిద్దరివీ ఒకే మోడల్ టర్బో డీజిల్ కార్లు. సరదాపడి చెరో బూస్ట్ గేజ్ కొని డ్యాష్‌బోర్డు మీద బిగించుకున్నారు. అన్నది ముల్లు తిరిగే రకం, తమ్ముడిది అంకెలు కనిపించే డిజిటల్. ఒకే ఫ్లైఓవర్ మీద ఒకేలా తొక్కితే అన్న కారు 1.25 బార్ చూపిస్తుంటే తమ్ముడి కారు 1.19 దగ్గరే ఆగిపోతోంది. ‘టర్బో నీరసపడింది, ప్రెషర్ పెంచేద్దాం’ అన్నాడు మెకానిక్. తమ్ముడు సరేననబోయాడు.

ఆపింది తండ్రి. మౌలాలీ డీజిల్ షెడ్‌లో పనిచేసి రిటైరయ్యారాయన. 2600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2 రైలింజన్‌కీ టర్బో ఉంటుంది, డ్రైవరు ఎదుట ఆ గాలి ఒత్తిడి చూపే మీటరూ ఉంటుంది. ఇలాంటి తగువులు ఆయనకు కొత్త కాదు. “ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం తిప్పి చూడండ్రా” అన్నారు. అన్న గేజ్ సున్నా మీద ఉంది. తమ్ముడిది మైనస్ 0.06!

గుట్టంతా అక్కడే ఉంది. ముల్లు గేజ్‌లో వంపు తిరిగిన చదును గొట్టం ఉంటుంది. 1849లో ఫ్రాన్స్‌కు చెందిన యూజీన్ బూర్డాన్ పేటెంటు తీసుకున్న ఉపాయమది. గాలి పట్టగానే జాతరలో పిల్లలూదే చుట్ట బూరలా విచ్చుకుంటుంది. చుట్టూ ఉన్న గాలికన్నా లోపలి ఒత్తిడి ఎంత ఎక్కువో అంతే చూపిస్తుంది. డిజిటల్ వాటిలో కొన్ని మాత్రం మొత్తం ఒత్తిడిని కొలిచి, అందులోంచి సముద్రమట్టం దగ్గరుండే 1.01 బార్ తీసేస్తాయి. విశాఖ బీచ్‌రోడ్డులో ఈ లెక్క సరిపోతుంది. సికింద్రాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడి గాలి ఒత్తిడి 0.95 బారే. అంటే రెండు ఇంజన్లలోనూ ఉన్నది అదే 2.20 బార్. తేడా తీసివేతలో వచ్చింది. టైర్ల భాషలో చెప్పాలంటే ఒక పీఎస్ఐ కూడా కాదు. దానికోసం టర్బో మీద భారం పెంచితే వేడి, పొగ, ఆపైన వేలల్లో బిల్లు.

‘2 శాతం కచ్చితత్వం’ అని డబ్బా మీద రాసి ఉన్నా మురిసిపోనక్కర్లేదు. ఆ శాతం సాధారణంగా పూర్తి స్కేలు మీద లెక్క. 2 బార్ల గేజ్ ఎక్కడైనా 0.04 అటూ ఇటూ చూపించొచ్చు.

తండ్రి అక్కడితో వదల్లేదు. స్కానర్ తెప్పించి కారు కంప్యూటర్‌కే తగిలించమన్నారు. 220 కిలోపాస్కల్ వచ్చింది. ఇక్కడి గాలి 95 తీసేస్తే 125, అంటే 1.25 బార్. వాతావరణ వార్తల్లో చెప్పే ఒత్తిడి తీసేస్తే మళ్లీ తప్పే, అది సముద్రమట్టానికి సరిచేసిన అంకె.

తర్వాత బానెట్ ఎత్తి టార్చి వేశారు. అన్న గేజ్‌కి వెళ్లే సన్నటి రబ్బరు పైపు వేడి సైలెన్సర్ గొట్టానికి ఒరుసుకుని మెత్తబడి ఉంది. ఇంకా చిల్లు పడలేదంతే. పడితే ముల్లు తగ్గడమే కాదు, ఇంజన్‌కి వెళ్లాల్సిన గాలీ బయటికి పోతుంది.

సాయంత్రం మెకానిక్ దగ్గరికి వెళ్లింది అన్న కారు.