ఇల్లే బడి యైనప్పుడు

బిడ్డలను బడికి పంపక ఇంటనే చదివించు తల్లిదండ్రులు హైదరాబాదు, విజయవాడ వంటి నగరములలో ఇప్పుడు అక్కడక్కడ కానవచ్చుచున్నారు. బడి తమ బిడ్డ ఆత్మవిశ్వాసమును హరించుచున్నదనునది వారు చెప్పు ముఖ్యకారణము. ఈ ఫిర్యాదును కాదనుటకు నాకు నోరు రాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము తన 17వ సెక్షనులో శారీరక దండనమునే గాక మానసిక వేధింపును గూడ నిషేధించినది. ఐనను పరీక్షలో వెనుకబడిన పిల్లవానిని వేరొక సెక్షనుకు దింపుటయు, మార్కుల పట్టికను గోడ కంటించుటయే చాలదన్నట్లు తల్లిదండ్రుల ఫోనులకు సైతము పంపుటయు మన ప్రైవేటు పాఠశాలలలో పెక్కుచోట్ల క్రమశిక్షణ యను పేర చెల్లుబాటగుచున్నవి. నాలుగవ తరగతి దాటకమున్నే తాను మొద్దునని నిశ్చయించుకొన్న బిడ్డను చూచి ఏ తల్లి యైనను ఆ బడి మాన్పింపదలచినచో ఆమెను తప్పుపట్టలేము.

కాని బడి చేసిన గాయమును ఇల్లు తనంతట తానే మాన్పునని యనుకొనుట తొందరపాటు. ఇంటి చదువును సమర్థించువారు తరచుగా రవీంద్రనాథ ఠాకూరును సాక్ష్యమునకు పిలుతురు: బడులను వదలినవాడు విశ్వకవి యయ్యెను గదా యని. ఆయన తన ‘జీవనస్మృతి’లో వ్రాసికొన్న సంగతులను నెమ్మదిగా చదివినచో ఆ సాక్ష్యము అంత సూటిగా లేదని తెలియును. కలకత్తాలోని జోడాసాంకో భవనమున, అన్నగారైన హేమేంద్రనాథుని పర్యవేక్షణమున, తెల్లవారకమున్నే కుస్తీతో మొదలై, గణితము, భూగోళము, చరిత్రలతో సాగి, నడుమ బడికి పోయివచ్చిన తరువాత చిత్రలేఖనము, వ్యాయామములతో సాయంకాలము గడచి, రాత్రి దీపము ముందు కునుకుపాట్లు పడుచు ఇంగ్లీషు వల్లించుటతో గాని ఆ బాలుని దినము ముగిసెడిది కాదు. జడివాన కురిసి వీధి మోకాటిలోతు నీట మునిగిన సాయంకాలమున, నేడు పంతులుగారు రారు గదా యని ఆశతో వీధివైపు కన్నులప్పగించి కూర్చున్న ఆ బాలునికి, సందు మలుపున ఎప్పటి నల్లని గొడుగే ప్రత్యక్షమగుచుండెను! బడిలో అయ్యవారు కసరినచో ఇంటికి వచ్చి తల్లి యొడిలో తల దాచుకొనవచ్చును. ఇంటనే గొడుగు వేసికొని కూర్చున్న అయ్యవారి నుండి ఎచ్చటికి పోవలెను? తల్లియే ఆ అయ్యవారైనప్పుడు సంకటము మరింత హెచ్చును.

ఆ బాలునికి తనపై తనకు నమ్మకమును కలిగించినది మరియొకటి. 1873లో ఉపనయన మైన పిమ్మట, అంతవరకు దేశాటనములతో ఇంట అరుదుగా కనిపించిన తండ్రి దేవేంద్రనాథుడు, పండ్రెండేండ్లు నిండని ఆ కుమారుని వెంటబెట్టుకొని మొదట బోల్పూరునకును, అటనుండి అమృతసరము మీదుగా హిమాలయములలోని డల్హౌసీకిని ప్రయాణమైనాడు. దారిలో చదువు లేకపోలేదు. సంస్కృతము, ఇంగ్లీషు, చుక్కలను చూపి చెప్పిన ఖగోళము అన్నియు సాగినవి. ఐనను నా దృష్టికి మిక్కిలి విలువైనది తండ్రి బంగారు గడియారము. దానికి ప్రతిదినము కీ ఇచ్చు బాధ్యతను తండ్రి కుమారున కప్పగించినాడు. కుమారుడు ఉత్సాహము పట్టలేక ఇచ్చిన కీకి అది చెడి, మరమ్మతునకై కలకత్తాకు పోవలసివచ్చినది. చిల్లర డబ్బు లెక్కయు అతనిదే. భిక్షగాండ్రకు తండ్రి చెప్పినట్లు ధర్మము చేసి సాయంకాలము లెక్క చూపునప్పుడు అది యెన్నడును సరిపోయెడిది కాదు. ఒకనాడు లెక్కకన్న సొమ్మే హెచ్చుగా తేలగా, నీ చేతిలో ధనము పెరుగుచున్నదే, నిన్నే కోశాధికారిగా నియమింపవలెనని తండ్రి పరిహాసమాడెనే గాని ఆ బాధ్యతను తిరిగి తీసికొనలేదు. బోల్పూరు వాగులలో ఏరితెచ్చిన రాళ్లను చూచి ముచ్చటపడి, తాను ఉదయోపాసనమునకు కూర్చుండు మట్టిదిబ్బను వానితో అలంకరింపు మన్నాడు. పర్వతములపై చేతికఱ్ఱతో ఒంటరిగా ఒక శిఖరమునుండి మరియొక శిఖరమునకు తిరుగుచున్నను అడ్డుచెప్పలేదు.

ఇందు పొగడ్త కలదు. కాని పొగడ్త వెంట పనియు, పని వెంట పొరపాటు చేయు స్వేచ్ఛయు కలవు. ఇప్పటి గృహవిద్యలో ఈ రెండవ భాగము తరచుగా లోపించుచున్నది. బిడ్డ గీసిన ప్రతి గీతకు శభాషనుట, పాడిన ప్రతి పాటను వీడియో తీసి మేనత్తలకు, పినతండ్రులకు పంపుట ఆత్మవిశ్వాసమును పెంచు ఉపాయములని తలచుచున్నారు. చౌకగా దొరకిన మెప్పు విలువ పెద్దలకన్న పిల్లలకే ముందు తెలియును. అదే బిడ్డకు ఇంటి పాల లెక్క నప్పగించి, క్యాలెండరుపై వాడు వేసికొన్న గుర్తుల ప్రకారమే నెలాఖరున పాలవానికి డబ్బు చెల్లించి, పది రూపాయలు తేడా వచ్చినప్పుడు వానినే పోయి తేల్చుకొని రమ్మనుట కొంత కష్టమైన పని. వాడు తప్పు చేయుచుండగా చూచి ఊరకుండుట పెద్దలకు అంతకన్న కష్టము.

దేవేంద్రనాథునికి జమీందారీ కలదు, ఇంటినిండ నౌకరులు కలరు. మన మధ్యతరగతి ఇండ్లలో గృహవిద్యకు చెల్లించు మూల్యము చాలచోట్ల తల్లి ఉద్యోగము. బిడ్డ ఆత్మవిశ్వాసమునకై తల్లి తన ఆత్మవిశ్వాసమును కుదువపెట్టుచుండగా దానిని త్యాగమని కొనియాడి తప్పించుకొనుట మగవారికి సులభమే. ఇంకొక సంగతి. ఇంటి చదువునకు సాక్షిగా నిలుపబడిన ఆ రవీంద్రుడే తన బిడ్డలకు కొంతకాలము శిలాయిదహమున ఇంటనే చదువు చెప్పించి, 1901లో బోల్పూరు చెంతనున్న శాంతినికేతనమున బడి తెరచినాడు; అందు చేరిన మొదటి కొలదిమంది విద్యార్థులలో ఆయన కుమారుడు రథీంద్రుడును ఒకడు.

చట్టము మాటకు వత్తము. 6 నుండి 14 ఏండ్ల బిడ్డను బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధియని విద్యాహక్కు చట్టము 10వ సెక్షను చెప్పుచున్నది. గృహవిద్య ప్రస్తావన అందు లేదు. 14 ఏండ్లు నిండినవారు 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును గనుక, పెక్కు కుటుంబములు ఆ తలుపును నమ్ముకొని నడుమనున్న ఏండ్లను గడుపుచున్నవి. చట్టము వహించిన ఈ మౌనము వలన సంపన్నునికి నష్టము లేదు. చెల్లెలిని ఎత్తుకొని ఆడించుటకు బడి మాన్పింపబడిన కూలివాని కూతురు గూడ ఇంటనే చదువుచున్నదని ఎవరైన అన్నచో కాదనుటకు ఆధారముండదు. భయమంతయు అచ్చట నున్నది. గృహవిద్యను చట్టము పేరుపెట్టి అంగీకరింపవలెను, అట్టి బిడ్డల పేర్లు మండల విద్యాధికారి కార్యాలయమున నమోదు కావలెను, ఏడాదికి రెండు మారులైనను ఒక ఉపాధ్యాయురాలు ఆ యింటికి వెళ్లవలెను. ఆమె ప్రశ్నపత్రము తీసికొని పోనక్కరలేదు. తల్లిదండ్రులు లేనిచోట అరగంట కూర్చుండి, ఈ నెలలో నీవొక్కతెవే చేసిన పని యేమి, అది ఎక్కడ చెడిపోయినది, అప్పుడు ఇంటివారేమన్నారని ఆ బిడ్డనే అడిగి వ్రాసికొనివచ్చిన చాలును.